ఒడ్డు మీద నడిపిన పడవ ఇంజన్

జర దగ్గరికి జరుగుండ్రి. ఆ గడప కాడ కూసుంటే నా మాట సగం గాలికే పోతది. చాప మీదికి రాండ్రి, కాళ్లు చాపుకోండ్రి. చాయ పొయ్యి మీదున్నది, తాగుకుంట వినుండ్రి. పానా చేతవట్టి బతుకుదామనుకునేటోళ్ల కోసం ఇది చెప్తున్న. మిగిలినోళ్లు విన్నా నష్టమేం లేదు.

నేను మూడో తరగతి దాక సదివిన. తెలుగు కూడబలుక్కోని సదువుత, రాస్త. ఇంగ్లీషు రాదు. నాకొచ్చినట్టే చెప్తున్న, తప్పులుంటే సదువుకున్నోళ్లు మనసుల దిద్దుకోండ్రి.

మాది మెదక్. మా నాయనది కమ్మరి కొలిమి. నాగలి కర్రు సాగగొట్టుకుంట నేను పెరిగిన. బాయిల కాడికి ఆయిలింజన్లు వచ్చినంక కొలిమి ఇడిసి ఇంజన్లు పట్టుకున్న. ఆంధ్రప్రదేశ్ అయిన కొన్నేండ్లకు ఊళ్లెనే సర్కారు వర్క్‌షాపుల రోజు కూలికి కుదిరిన. ఆ తర్వాత నా సొంత దుకాణం. ముసలితనం వచ్చి చేతులు వణుకుతుంటే మొన్న మొన్ననే మూసిన. ఇన్నేండ్లల్ల ఎన్ని ఇంజన్లు విప్పిన్నో నాకు గుర్తు లేదు. కానీ ఒక పడవ ఇంజన్ మాత్రం ప్రతి బోల్టుతోని సహా గుర్తున్నది. దాని సంగతి చెప్త. అండ్ల సగం ఇంజన్ సంగతి, సగం నా కడుపుమంట సంగతి.

మొదటి పని అడుగుడు

మెకానిక్ పనంటే విప్పుడు, బిగించుడు అనుకుంటరు. అది ఆఖరుకు చేసేది. ముందు చేసేది అడుగుడు. ఎప్పుడు ఆగింది? ఆగే ముందు ఏమైంది? ఎవరు ముట్టిండ్రు? మొదటి రెండిటికి మంది జవాబు చెప్తరు. మూడో దానికి ఎవ్వరు నిజం చెప్పరు. ఒకసారి నేనే చెప్పలే. దానివల్ల ఒక మంచి పనోని కూడు పోయేదుండె.

పడవ

హవేలిఘనపూర్ దాటి పోతే పెద్ద చెరువుంది. కట్ట సూసెటందుకు, నీళ్ల లోతు కొలిచెటందుకు సర్కారోళ్లు అండ్లకు ఒక మోటారు పడవ తెప్పిచ్చిండ్రు. అసొంటిది మా దిక్కు అంతకు ముందు ఎవ్వరు సూడలే. సంతకు పోయేటోళ్లు గూడ కట్ట మీద బండి ఆపి సూసి పోతుండె.

దాని ఇంజన్ పడవ కడుపుల వెనుక దిక్కు ఉంటది. ఇంజన్‌కెళ్లి ఒక ఇనుప కాలు పడవ బయటికొచ్చి నీళ్లల్లకు దిగుతది. కాలు కొసకు పంఖా. పడవను నూకేది ఆ కాలే, మలిపేది ఆ కాలే, ఇంజన్‌కు నీళ్లు తాపేది గూడ ఆ కాలే. దాని పక్కల జల్లెడ తీరు బొక్కలుంటయ్. వాటిలకెళ్లి చెరువు నీళ్లు లోపలికి పోతయ్. లోపల చిన్న పంపు, పంపుల అరచేతంత రబ్బరు చక్రం, దానికి ఆరు రెక్కలు. చక్రం తిరిగితే నీళ్లు పైపుల పడి ఇంజన్‌కు పోతయ్, వేడి గుంజుకుంటయ్, పొగతోని కలిసి వెనుక బయట పడతయ్. మోటారు బండికి రేడియేటర్ ఉన్నట్టు దీనికి చెరువంత రేడియేటరే.

ఒక్క సంగతి యాదిపెట్టుకోండ్రి. ఆ రబ్బరు చక్రం నీళ్లల్ల తిరిగినన్ని రోజులు మెత్తగ తిరుగుతది. నీళ్లు లేకుంటే ఇనుముకు రాసుకోని నిమిషంల మాడుతది.

దేవదానం

ఆ పడవ బాధ్యత మా వర్క్‌షాపుకు పడ్డది. అక్కడ మా మేస్త్రి యూసుఫ్ సాబ్. పెద్ద మనిషి, నోరు గరం, మనసు నరం, అంటే మెత్తన. ఆయన కింద రోజు కూలి మెకానిక్‌లం ఇద్దరం. నేనొకన్ని, దేవదానం ఒకడు.

దేవదానం చర్చి వెనుక గల్లీల ఉంటుండె. నాకంటె ఆరేండ్లు చిన్న. సన్నటి మనిషి, మిషన్ బడిల సదివిండు, ఇంగ్లీషు సదువొస్తది. నన్ను 'సత్తన్నా' అని పిలుస్తుండె. ఒక్కనాడు గూడ మాట జారలే. మాట జారితే నాకు జర నిమ్మళముండేది.

ఆయన మీద నాకు ఎంత కడుపుమంటనో చెప్తే నవ్వుతరు. ఆయన పానాలు గుడ్డల చుట్టి వరుసకు పెట్టుకునేటోడు. నావి గోనె సంచిల గలగలమనేటివి. ఆ గుడ్డ సూస్తే నాకు మండేది. పల్లెల నుంచి ఇంజన్ పట్టుకోని వచ్చినోళ్లు నా ముందటనే నిలబడి, "ఆ సన్నటాయన లేడా?" అని అడుగుతుండిరి. నేనేమో ఎద్దు తీరు ఎదురుంగ నిలబడి ఉంటి. ఇంటికొచ్చినంక నా పెండ్లాం లచ్చవ్వతోని అదే పాట.

"గాయినకు ఏమొస్తదని? పుస్తకం సదివి బోల్టు తిప్పుతడు. పుస్తకం గుంజుకుంటే ఏం జేస్తడు?"

లచ్చవ్వ రొట్టె కొట్టుకుంటనే అన్నది, "ఏందయ్యా, పొద్దుమీకినంక ఆయన పేరు తలువనిది నీకు బువ్వ దిగుతలేదా? నా పేరన్న ఇన్నిసార్లు తలిచినవా?"

దీనికి తోడు ఇంకో సంగతి. వర్క్‌షాపుల ఒక్క పర్మనెంట్ జాగ వస్తుందని తెలిసింది. ఒక్కటే. మా ఇద్దరిల ఒకరికి. వచ్చే ఏడు దసరా పోయినంక మా ఇంజనీర్ సార్ పేరు రాస్తడట. దేవదానం పేరే రాస్తడని వర్క్‌షాపుల చాయ పోసేటోనికి గూడ తెలుసు.

నోరు మూసుకుంటే కడుపు కోసుడు

పడవ వచ్చిన మొదటి వానకాలం ఇంజన్ వేడెక్కింది. వేడి సూపెట్టే ముల్లు ఎర్రగీత దాటింది. పడవ నడిపే సాయిలు ఒడ్డుకు తెచ్చి కబురు పెట్టిండు. దేవదానం చేగుంటల వేరే పని మీదున్నడు. నేను పోయిన. నా పనితనం సూపెట్టెటందుకు ఇదే మోఖా అనుకున్న. ఇంజన్ మూత లేపిన, పైన ఉండే వేడి తలుపు తీసిన. అంటే థర్మోస్టాట్, ఇంజన్ వేడెక్కినంక తెరుసుకునే చిన్న డబ్బీ. వేడి నీళ్లల్ల ఏసి సూసిన, మంచిగనే తెరుసుకుంటుంది. ఇగ ఇంజన్ మీది దిమ్మె, హెడ్డు, విప్పిన. రెండు రోజులు పనిజేసిన. ఏం దొరకలే.

మూడోనాడు దేవదానం వచ్చిండు. ఇంజన్ దిక్కు గూడ సూడలే. లుంగీ ఎగగట్టి నీళ్లల్లకు దిగిండు, ఇనుప కాలు కిందికి చెయ్యి పెట్టిండు, పిడికెడు నాచు, దాంతోని చిక్కుకున్న వల ముక్క గుంజి బయట పెట్టిండు. జల్లెడ బొక్కలన్ని మూసుకపోయినయ్. ఇంజన్‌కు తాగ నీళ్లే లేవు.

యూసుఫ్ సాబ్ నా దిక్కు సూసి, "అరే సత్తయ్యా! మనిషికి నోరు మూసుకపోతే కడుపు కోస్తవార?" అన్నడు. సాయిలు నవ్విండు. కట్ట మీద బర్లు మేపేటోళ్లు గూడ నవ్విండ్రు. దేవదానం మాత్రం నవ్వలే. అదే నాకు ఎక్కువ గుచ్చుకున్నది.

కడుపుమంట పక్కకు పెట్టి చెప్తున్న: నీళ్లు ఎక్కడికెళ్లి వస్తయో అక్కడ మొదలువెట్టుండ్రి. బొక్కలు, పంపు, పైపు, ఇంజన్, బయటికి పోయే దారి. నీళ్లు పోయిన తొవ్వెంబడే మీరు పోవాలె. పొగతోని నీళ్లు వస్తున్నయా లేవా మొదలు సూడుండ్రి. రాకుంటే తప్పు పైపులనో, కిందనో. మంచిగ వస్తుంటే పైన. గింతే విద్య. ఇది నేర్చుకునెటందుకు నాకు రెండు రోజులు, ఒక నవ్వులపాటు పట్టింది.

నేను గెలిచిన్నాడు

చలికాలంల మల్ల వేడెక్కింది. ఈసారి తమాషా ఏందంటే, మెల్లగ నడిపితే మంచిగుంటది, జోరు పెంచితే వేడెక్కుతది. బొక్కలు సాఫ్‌గున్నయ్, రబ్బరు చక్రం మంచిగున్నది. దేవదానం సుట్టాల పెండ్లికి పోయిండు. నేనొక్కన్నే. సాయిలును నడుపుమని, రబ్బరు పైపును చేత పట్టుకోని కూసున్న. జోరు పెంచంగనే పైపు నా చేతుల సచ్చిన పాము తీరు చదునైంది. పాతబడి మెత్తబడ్డ పైపు, పంపు గుంజుడుకు లోపలికి ముడుసుకుంటుంది. ఆగినప్పుడు సూస్తే గుండ్రగనే ఉంటది. నడుస్తున్నప్పుడు చెయ్యిపెట్టినోనికే దొరుకుతది. కొత్త గట్టి పైపు ఏసిన, అయిపాయె.

ఛాతి ఇంత చేసుకోని వర్క్‌షాపుకు వచ్చి యూసుఫ్ సాబ్‌కు చెప్పిన. ఆయన మెచ్చుకోలుగనే అడిగిండు, "శాబాష్! దేవదానం నేర్పిండా?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. లచ్చవ్వ అడిగితే దోమలన్న.

దసరా పూజ

ఆ మరుసటేడు దసరాకు పది రోజుల ముందు దేవదానం పడవ పంపుల రబ్బరు చక్రం కొత్తది ఏసిండు. ఏసినంక ఇంజన్ మూత మీద తెల్లరంగుతోని తెలుగుల రాసిండు: 'నీళ్లు లేకుండ నడుపవద్దు'. సాయిలుకు సదువు రాదని నోటితోని గూడ రెండుసార్లు చెప్పిండు. ఆ అచ్చరాలు నేను సదివిన. నా కోసమే రాసిండనుకోని మండిపడ్డ.

మీకు తెలుసు, దసరాకు మనం పనిముట్లకు పూజ చేస్తం. వర్క్‌షాపుల మా ఆనవాయితీ ఒకటుండె. కొబ్బరికాయ కొట్టి హారతిచ్చినంక ఇంజన్ ఒకసారి పలుకాలె. హారతి ఆరే దాక నడవాలె. పలుకకుంటే ఏడాదంత మొండికేస్తదని మా నమ్మకం. ఆయిలింజన్‌కు దీంతోని నష్టం లేదు, పక్కన డ్రమ్ముల నీళ్లుంటయ్. అట్లనే ప్రతి ఏడు చేస్తిమి. పడవ మాత్రం ముందటేడు దసరాకు ఇంక నీళ్లల్లనే ఉండె, అక్కడనే పసుపు పెట్టి పలికిచ్చినం, నష్టం కాలే.

ఈ ఏడు అడుగుకు రంగెయ్యాలెనని పడవను ఒడ్డు మీదికి గుంజి దుంగల మీద పెట్టిండ్రు. పూజకు దేవదానం రాడు, ఆయన పండుగ కాదు. యూసుఫ్ సాబ్ వర్క్‌షాపుల మిఠాయి తిని ఇంటికి పోయిండు. చెరువు కాడ పెద్ద నేనే. బంతిపూల దండ పడవ ముక్కుకు ఏసిన. గుమ్మడికాయ కొట్టిన. సాంబ్రాణి పొగ పెట్టిన. కట్ట మీద ఊరోళ్లు ముప్పై మంది దాక నిలబడ్డరు. అందరు నా దిక్కే సూస్తుండ్రు. ఆ సన్నటాయన లేడా అని ఒక్కడు గూడ అడగలే.

హారతి వెలిగిచ్చి, "సాయిలూ, నడుపు" అన్న.

సాయిలు ఇంజన్ మూత మీద చెయ్యి పెట్టిండు. "అన్నా, నీళ్లు లేకుండ వద్దని దేవదానం సారు చెప్పిండు గద."

"పూజ నాదా, ఆయనదా?"

"నీదే అన్నా. కానీ..."

"కానీ లేదు, గీనీ లేదు. హారతి ఆరే దాకనే. నడుపు."

నాకు తెల్వక కాదు. వేడైతదని తెలుసు, మూత మీద అచ్చరాలు నా కండ్ల ముందటనే ఉన్నయ్. హారతి ఆరే దాక ఏం కాదని నన్ను నేను నమ్మిచ్చుకున్న. ఆయన రాసిండని ఆగితే, పూజల గూడ ఆయనే పెద్దయితడు. గదీ నా లెక్క.

ఇంజన్ పలికింది. జనం చప్పట్లు కొట్టిండ్రు. కర్పూరం జర ఎక్కువ పెట్టిన, జల్ది ఆరలే. నడుమ సాంబ్రాణి వాసనల ఇంకో వాసన వచ్చింది, టైరు కాలినట్టు. నా ముక్కుకు తెలిసింది. సాయిలు ముక్కుకు గూడ తెలిసింది, నా దిక్కు సూసిండు. నేను హారతి దిక్కు సూసిన.

తెల్లారి చక్రం తీసి సూస్తే అయిపోయేది. తియ్యలే. తీస్తే ఎందుకు తీసినవంటరు.

చెరువు నడిమధ్యల

పూజైన నాలుగు రోజులకు, పడవకు రంగేసి మల్ల నీళ్లల్ల దింపినంక, హైదరాబాద్ నుంచి పెద్ద సారొకాయన వచ్చిండు. మా ఇంజనీర్ సార్ ఆయనను పడవల కట్ట సూపెట్టెటందుకు తీసుకపోయిండు. నడి చెరువుల వేడి ముల్లు ఎర్రగీత దాటింది, ఆవిరి లేసింది. సాయిలు టక్కున ఇంజన్ బంద్ చేసిండు కాబట్టి ఇంజన్ బతికింది. తెడ్లతోని ఒడ్డుకు తెచ్చేవరకు మధ్యాహ్నం దాటింది. పెద్ద సారు మొఖం ఎండకు వంకాయ తీరైంది, ఆకలికి ఇంకింత.

మా అందరిని చెరువు కాడికి పిలిచిండ్రు. దేవదానం పంపు విప్పిండు. రబ్బరు చక్రం బయట పెట్టిండు. ఆరు రెక్కలల్ల రెండే ఉన్నయ్. అవి గూడ కొసలు నల్లగ, నున్నగ మాడి ఉన్నయ్.

ఇంజనీర్ సార్ ఆ చక్రం చేతుల పట్టుకోని అడిగిండు, "ఇది ఎవరు ఏసిండ్రు?"

"నేనే సార్."

"ఎన్ని రోజులైంది?"

"రెండు వారాలు సార్."

"రెండు వారాలు గూడ నిలువని పని! నీకు నేను పర్మనెంట్ జాగ రాద్దామనుకున్న."

దేవదానం ఆ చక్రం దిక్కు సూసిండు. పడవ ముక్కుకు ఎండిపోయిన బంతిదండ దిక్కు సూసిండు. మూత మీద పసుపుబొట్టు దిక్కు సూసిండు. తర్వాత సాయిలు దిక్కు సూసిండు. సాయిలు తలకాయ వంచుకున్నడు. దేవదానం చేతులకంటిన గ్రీసు గుడ్డతోని తుడుసుకున్నడు.

"నేను మంచిగనే ఏసిన సార్," అన్నడు గంతే.

"సోమవారం నుంచి రాకు," అని ఇంజనీర్ సార్ జీపు ఎక్కిండు.

నేను ఆడనే ఉన్న, మూడు గజాల దూరంల. ఒక్క మాట చాలు. నా నోట్లెకెళ్లి రాలే. దాచుడెందుకు, లోపల ఒక మూలకు చల్లగ గూడ అనిపిచ్చింది. జాగ ఇగ నాదే.

రెక్కలెన్ని?

పడవను బాగుచేసే పని నాకు చెప్పిండ్రు. కొత్త రబ్బరు చక్రం ఏసిన, నీళ్లల్ల దింపి నడిపిన. వేడెక్కింది. బొక్కలు సూసిన, సాఫ్. పైపు చేత పట్టిన, గట్టిగున్నది. వేడి తలుపు సూసిన, మంచిగున్నది. పొగతోని నీళ్లు సన్నగ, ముసలోని మూత్రం తీరు వస్తున్నయ్. ఎక్కడ ఆగుతున్నయో దొరకలే. మూడు రోజులైంది. ఇంజనీర్ సార్ రోజు అడుగుతుండు. జాగ నోటికాడికొచ్చి ఆగింది.

నాలుగోనాడు పొద్దుగాల సిగ్గు ఇడిసి చర్చి వెనుక గల్లీకి పోయిన. దేవదానం పెండ్లాం మార్తమ్మ వాకిట్ల బియ్యం చెరుగుతుండె.

"దేవదానం ఉన్నడా చెల్లే?"

"ఉండక ఏడికి పోతడన్నా? పని మీరే ఇడిపిచ్చిరి గద," అన్నది చేట దించకుండ. నేను చేసిందని ఆమెకు తెల్వదు. 'మీరు' అంటే వర్క్‌షాపోళ్లందరు. అయినా నా ఈపు మీద కొరడ పడ్డట్టయింది.

దేవదానం బయటికొచ్చిండు, పీట ఏసిండు. పడవ ఇంక వేడెక్కుతుందని చెప్పిన. ఆయన ఒక్కటే మాట అడిగిండు.

"ఇరిగిన రెక్కలు దొరికినయా సత్తన్నా?"

"ఏ రెక్కలు?"

"పాత చక్రానివి. నాలుగు ఇరిగినయ్ గద. పంపుల ఎన్ని దొరికినయ్?"

నేను లెక్కబెట్టలే. పాత చక్రం పారేసి కొత్తది ఏసిన. ఇరిగినయి ఏడికి పోయినయో ఆలోచన గూడ చెయ్యలే.

"నీళ్లతోని పైకి పోయుంటయ్. పైపు ఇంజన్‌కు కలిసే కాడ మలుపున్నది సూడు, ఇనుప మోచెయ్యి లాంటిది. ఆడ ఇరుకున్నయేమో. నాలుగు దొరికే దాక బిగించకు. మూడు దొరికితే పని కానట్టే."

పని పోయినోడు, పని గుంజుకున్నోనికి పాఠం చెప్తుండు. నేను తట్టుకోలేక అడిగిన, "చక్రం మాడింది చూసినవ్ గద. నువ్వు ఏసుట్ల తప్పు లేదని నీకు తెల్వదా?"

"తెలుసు. నీళ్లు లేకుండ నడిపితేనే గట్ల నున్నగ మాడుతది. పూజ నాడు నడిపిండ్రు."

"మరి సార్‌కు ఎందుకు చెప్పలే?"

ఆయన గొంతు తగ్గిచ్చి, "నడిపింది సాయిలు గద అన్నా. చెప్తే వాని పని పోతది. నాకు నాలుగు అచ్చరాలొస్తయ్, హైదరాబాద్‌ల ఏడనన్న దొరుకుతది. వానికి ఆ పడవ తప్ప ఏమొస్తది?" అన్నడు.

ఆ మాట వింటే ఇంకెవనికైనా కండ్లల్ల నీళ్లు తిరిగేది. నాకు మాత్రం, దేవుని సాక్షిగ చెప్తున్న, ఒళ్లంత మండింది. చేతి పని ఆయనదే మంచిది. ఇంగ్లీషు ఆయనకే వస్తది. పేరు ఆయనదే. ఇప్పుడు మంచితనం గూడ ఆయనకేనా? నా కోసం ఏమన్న మిగిలిచ్చిండా?

నాలుగు ముక్కలు

చెరువు కాడికి పోయి ఆ మోచెయ్యి విప్పిన. మూడు రెక్క ముక్కలు అండ్లనే ఇరుకున్నయ్. నాలుగోది దొరకలే. ఇంకా పైకి పోయి తీగ పెట్టి గెలికిన, బయట పడ్డది. నాలుగు కలిపి పాత చక్రం పక్కన పెట్టి సూసిన, ఆరు పూరా అయినయ్. మోచెయ్యి బిగించి నడిపిన. పొగతోని నీళ్లు బుడబుడ పొంగి వచ్చినయ్. ముల్లు నడుమల నిలబడ్డది.

సాయిలు నా మొఖం సూడకుంటనే అడిగిండు, "అన్నా, ఇగ దేవదానం సారు రాడా?"

నాలుగు ముక్కలు రుమాల్ల కట్టుకోని, వర్క్‌షాపుకు పోయిన. ఇంజనీర్ సార్, యూసుఫ్ సాబ్ ఇద్దరు ఉన్నరు. మేజా బల్ల మీద రుమాలు ఇప్పిన.

"పడవ బాగైంది సార్. చక్రం మాడింది దేవదానం పనివల్ల కాదు. దసరా నాడు ఒడ్డు మీద నీళ్లు లేకుండ నడిపిండ్రు. నడుపుమన్నది నేను. సాయిలు వద్దన్నడు. మూత మీద రాసుంది, నాకు సదువొస్తది. వాసన గూడ వచ్చింది."

సార్ అడిగిండు, "ఇన్ని రోజులు ఏం చేసినవ్?"

"ఊకున్న సార్."

"ఇప్పుడు ఎందుకు చెప్తున్నవ్?"

దీనికి సక్కటి జవాబు చెప్పొచ్చు. మనసు ఒప్పుకోలే సార్ అనొచ్చు. కానీ అది అబద్ధం. ఆ ఒక్క దాంట్లనన్న దేవదానం నాకంటె పైన ఉండొద్దని చెప్పిన. కడుపుమంటనే నా నోరు మూసింది, కడుపుమంటనే తెరిచింది. సార్‌కు ఇదంత చెప్పలే.

"రేపటి నుంచి నువ్వు రాకు," అన్నడు సార్.

యూసుఫ్ సాబ్ గేటు దాక వచ్చిండు. తిడతడనుకున్న. తిట్టిండు గూడ. "బేవకూఫ్! దసరా తెల్లారే చెప్తే ఒక్క రబ్బరు చక్రంతోని పోయేది గదర. పెద్ద సారును చెరువుల ఎండబెట్టి, దేవదానాన్ని రోడ్డు మీద ఏసి, ఇప్పుడు నువ్వు పడ్డవ్." తర్వాత నా భుజం మీద రెండుసార్లు తట్టి లోపలికి పోయిండు.

దేవదానాన్ని మల్ల పిలిచిండ్రు. జాగ ఆయనకే రాసిండ్రు.

ఆయన కోపం

తెల్లారి దేవదానం మా ఇంటికి వచ్చిండు. లచ్చవ్వ పీట ఏసింది. కూసోలే. దండం పెడతడనుకున్న, పెద్ద మనసుతోని ఏదన్న మంచి మాట చెప్తడనుకున్న. వినెటందుకు పండ్లు కొరుక్కోని తయారుగున్న.

"నువ్వా సత్తన్నా?" అన్నడు. "సాయిలనుకోని నేను నోరు మూసుకున్న. నువ్వని తెలిస్తే అప్పుడే, అందరి ముందట, నీ పేరు మొత్తుకుందును. మా ఇంట్ల నాలుగు రోజులు పొయ్యి ఎట్ల వెలిగిందో నీకేం తెలుసు? నాకు జాగ ఇప్పిచ్చిన్నని ఏడనన్న చెప్పుకోకు. అది నాదే ఉండె, నువ్వే గుంజినవ్. ఏడాది దాక నీతోని మాట్లాడ. పో!"

మా ఇంట్ల నిలబడి నన్నే పొమ్మన్నడు. ఆ సంగతి యాదికొచ్చి మల్లా తనే గిర్రున తిరిగి పోయిండు.

లచ్చవ్వ ఏడ్సింది. నేను మాత్రం గోడకు ఒరిగి కూసోని పెద్ద ఊపిరి తీసిన. ఎన్నేండ్లకో నా కడుపు సల్లగైంది. ఆయనకు గూడ కోపమొస్తది! ఆయన గూడ తిడతడు! నేను ఇన్నేండ్లు ఒక మనిషిని సూసి మండలే, నేనే మనసుల కట్టుకున్న బొమ్మను సూసి మండిన. తిట్టిన మనిషి నాకు అందెటంత ఎత్తుల కనిపిచ్చిండు.

చేగుంట తొవ్వల చిన్న దుకాణం కిరాయికి తీసుకున్న. ఆయిలింజన్లు బాగుచేసుకుంట బతికిన. సర్కారు జాగ పోయినందుకు బాధ లేదని చెప్పను, మస్తు బాధపడ్డ. మా లచ్చవ్వ ఇంకా ఎక్కువ పడ్డది.

దేవదానం అన్న మాట ప్రకారం ఏడాది మాట్లాడలే. సంతల ఎదురుపడ్డా తొవ్వ మలుపుకునేటోడు. నేను దినాలు లెక్కబెట్టుకున్న. మల్ల దసరా పోయి పది రోజులు దాటినంక ఒకనాడు దుకాణం ముందట సైకిల్ ఆపి, "ఏం సత్తన్నా, పని నడుస్తుందా?" అని అడిగిండు. "నడుస్తుంది" అన్న. గింతే మాట్లాడుకున్నం. ఆయన పోయినంక లోపల మల్ల జర మండింది. చూసినవా, మాట మీద నిలబడుట్ల గూడ నాకంటె ముందే!

మంట పోతదని మీకు చెప్పలేను పిల్లలూ. నాది పోలే. మీ పక్కన మీకంటె మంచి పనోడు ఒకడు ఉండనే ఉంటడు, వాన్ని సూసి మండుతరు గూడ. మండుండ్రి. కానీ వాడు రాసిపెట్టింది సదవుండ్రి, వాడు వద్దన్నది చెయ్యకుండ్రి. మీ చేత తప్పయితే తెల్లారక ముందే చెప్పుండ్రి. తెల్లారితే అది ఇంకొకని మెడకు చుట్టుకుంటది.

ఇగ లేవుండ్రి, చాయ సల్లారింది. మీ ఇంట్ల పొయ్యి ఒక్క పూట గూడ ఆరొద్దు. మీ ఆడోళ్ల నవ్వు వాకిలి దాటి వినబడాలె. మీ చేతి పనికి పేరు రావాలె, మీ పక్కింటోని పేరుకు గూడ మీ ఇంట్ల జాగ ఉండాలె. సల్లగ బతుకుండ్రి.